అపొల్లోకు పాఠము చెప్పిన డేరాలవారు

పాఠ్యభాగము: అపొ. కార్య. 18:1–4, 18–28
కంఠతా వచనము: 2 తిమోతి 2:2
ఇంటిలో చదువుటకు: నెహెమ్యా 8:1–8, 2 తిమోతి 4:6–13, హెబ్రీ 5:11–14



మన సంఘములలో చదువు ఎక్కడ ఆగిపోవుచున్నదో ఒకసారి ఆలోచించండి. పిల్లవాడు ఏడెనిమిదేండ్లు సండేస్కూలుకు వస్తాడు. ఇరవైమూడవ కీర్తన కంఠతా చెప్పి బహుమతి తీసుకొంటాడు. పదునాలుగు, పదిహేనేండ్లు వచ్చేసరికి బాప్తిస్మపు తరగతి. నాలుగు వారములు ప్రశ్నలు, జవాబులు. తరువాత నీళ్ళలోనికి దిగి వస్తాడు, అందరము సంతోషిస్తాము. ఆనాటితో చాలామందికి పుస్తకము మూతబడుచున్నది. మత్తయి 28:19, 20 వచనములలో ప్రభువు ఇచ్చిన ఆజ్ఞను చూడండి. బాప్తిస్మమిచ్చుట ముందున్నది, ఆయన ఆజ్ఞాపించినవన్నియు బోధించుట ఆ తరువాత ఉన్నది. బాప్తిస్టులమైన మనము మొదటి దానిని గట్టిగా పట్టుకొన్నాము. రెండవ దానికి నాలుగు వారములు చాలునని ఎవరు చెప్పిరో తెలియదు.

చదువు ఇంకొక చోట కూడ ఆగుచున్నది. అది మనకు అంతగా కనబడదు. బోధించువారి దగ్గర ఆగుచున్నది. డీకనులు, సండేస్కూలు టీచర్లు, స్త్రీల సమాజపు నాయకురాండ్రు, నావంటి పెద్దలు, మనమందరము ఇతరులకు చెప్పుటలో పడి మనము నేర్చుకొనుట మానివేసితిమి. ఈ పాఠము ముఖ్యముగా మన కొరకే.

అకుల, ప్రిస్కిల్ల ఎవరు? అకుల పొంతు దేశములో పుట్టినవాడు. అది నల్లసముద్రపు ఒడ్డున నున్న సీమ. అక్కడనుండి రోమాకు వెళ్ళి స్థిరపడెను. క్రీ.శ. 49 ప్రాంతములో చక్రవర్తియైన క్లౌదియ యూదులందరు రోమా విడిచి పోవలెనని ఆజ్ఞాపించగా భార్యాభర్తలు కొరింథుకు వచ్చిరి. తరువాత పౌలుతో కూడ ఓడ యెక్కి ఎఫెసుకు వెళ్ళిరి. రోమా పత్రిక 16వ అధ్యాయము చదివితే మరల రోమాలో కనబడుదురు. తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక చివరకూడ వారికి వందనములున్నవి. ఎన్ని ఊర్లు! మన తాతలు పొట్టకూటి కొరకు గనులకు, మిల్లులకు, రైల్వే పనికి మూటాముల్లె సర్దుకొని వచ్చినట్లే వీరును ఊరూరు తిరిగినవారు. వారు వెళ్ళిన చోటనెల్ల వారి యింటిలో సంఘము కూడినట్లు రెండు చోట్ల వ్రాయబడి యున్నది (1 కొరింథీ 16:19, రోమా 16:5). చేతిలోని పని డేరాలు కుట్టుట.

పౌలుది కూడ అదే వృత్తి గనుక కొరింథులో వారియింట కాపురముండి వారితో కలిసి పనిచేసెను. ఆ పట్టణములో పౌలు ఒక సంవత్సరము ఆరు నెలలు ఉండెను. వారు కొరింథుకు రాకమునుపే విశ్వాసులో కాదో లూకా చెప్పలేదు. అయితే పదునెనిమిది నెలలు ఒకే కప్పు క్రింద, ఒకే గుడారపు బట్టకు ఇటు ఒకరు అటు ఒకరు కూర్చుండి కుట్టుచుండగా పౌలు ఊరకే ఉండియుండునా? వారు అడుగకుండ ఉండియుందురా? వారికి బల్ల లేదు, బోర్డు లేదు, గంట లేదు. పని జరుగుచున్న చోటనే పాఠము జరిగెను.

మన తెలుగు బాప్తిస్టు చరిత్రలోను ఇటువంటి చోటు ఒకటి ఉన్నది. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళు త్రవ్వించు పనిని కాంట్రాక్టుకు తీసుకొని ఆకలితో నున్న వేలమందికి పని కల్పించిరి. ఆయన క్రింద నున్న పల్లెటూరి బోధకులే అక్కడ మేస్త్రీలుగా నిలిచిరి. మట్టి తట్టలు దింపి జనులు కాసేపు కూర్చున్నప్పుడు ఆ బోధకులు వారి నడుమ కూర్చుండి ప్రభువును గూర్చి చెప్పిరి. కరువు సహాయపు పని జరిగినంత కాలము క్లౌగారు బాప్తిస్మములు ఆపివేసిరి. కూలి కొరకు ఎవరును రాకూడదని ఆయన ఉద్దేశము. తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ అంకెను మనమందరము పిల్లలకు చెప్పుదుము. దాని ముందు కాలువ గట్టుమీద నెలల తరబడి జరిగిన బోధను మాత్రము చెప్పుట మరచుచున్నాము. ఆ బోధకులలో పెద్ద చదువులు చదివినవారు లేరు. తాము వినినది, తమకు తెలిసినంత, తమ పక్కవానికి చెప్పిరి.

ఇప్పుడు ఎఫెసుకు వద్దాము. అపొల్లో అను యూదుడు ఎఫెసుకు వచ్చెను. ఊరు అలెక్సంద్రియ. ఐగుప్తులోని ఆ పట్టణము గొప్ప గ్రంథాలయమునకు, పండితులకు పేరుపొందినది. అపొల్లో మంచి వక్త, లేఖనములలో ఆరితేరినవాడు, ఆత్మయందు తీవ్రత గలవాడు. యేసును గూర్చి చెప్పినది తప్పు కూడ కాదు. కాని యోహాను బాప్తిస్మము వరకే అతనికి తెలిసెను. అక్కడనుండి ముందుకు అతనికి ఎవరును చెప్పలేదు.

సమాజమందిరములో అతడు ధైర్యముగా మాటలాడుచుండగా ఈ డేరాలవారు కూర్చుండి వినిరి. లోటు ఎక్కడున్నదో వారికి తెలిసినది. అప్పుడు వారు ఏమి చేసిరి? మనమైతే ఏమి చేయుదుము? ఆరాధన అయిన తరువాత టీ గ్లాసు పట్టుకొని వరండాలో నిలువబడి, "ఈ రోజు ప్రసంగములో సరుకు లేదు" అందుము. లేక కమిటీలో పెట్టుదుము. వారు అతనిని తమతో చేర్చుకొనిరి. పదిమందిలో అడ్డు తగులక, పక్కకు పిలిచి, దేవుని మార్గమును ఇంకను పూర్తిగా వివరించిరి. ఈ మాట చెప్పుచోట ప్రిస్కిల్ల పేరు ముందు వచ్చుట గమనించండి. క్రొత్త నిబంధనలో ఈ దంపతుల పేర్లు ఆరు చోట్ల ఉన్నవి. నాలుగు చోట్ల ఆమె పేరే ముందు. స్త్రీలు పాఠము చెప్పవచ్చునా అని ఇంకను వాదించుచున్న సంఘములు ఈ అధ్యాయమును ఇంకొకసారి చదివితే మంచిది.

అపొల్లో ఏమని జవాబు చెప్పెనో లూకా వ్రాయలేదు. "నేను అలెక్సంద్రియలో చదివినవాడను, మీరు గుడారములు కుట్టువారు" అని అనలేదని మాత్రము తరువాత జరిగిన దానిని బట్టి తెలియుచున్నది. అతడు అకయకు వెళ్ళదలచినప్పుడు ఎఫెసులోని సహోదరులే అక్కడి వారికి ఉత్తరము వ్రాసిరి. అక్కడ అతడు విశ్వాసులకు ఎంతో సహాయము చేసెను. తాను కొరింథులో నాటిన దానికి నీళ్ళు పోసినవాడు అపొల్లో అని పౌలు ఒప్పుకొనుచున్నాడు (1 కొరింథీ 3:6). లెక్క చూడండి: పౌలు ఈ దంపతులకు, వీరు అపొల్లోకు, అపొల్లో మరల కొరింథు వారికి. మన కంఠతా వచనములో పౌలు తిమోతికి చెప్పిన వరుస కూడ ఇదే. పౌలు, తిమోతి, నమ్మకమైన మనుష్యులు, వారి తరువాత ఇంకను ఇతరులు, నాలుగు తరములు. అందులో ఎవరైనను నేర్చుకొనుట మానితే తరువాతివారికి అందునది ఏమి?

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పవలసి యున్నది. నేను ఉపాధ్యాయ శిక్షణ పొందినవాడను. బడిలో పిల్లలకు, సంఘములో సండేస్కూలుకు చాలా సంవత్సరములు పాఠములు చెప్పాను. సండేస్కూలుకు నాదొక నోటుబుక్కు ఉండేది. అట్ట ఊడిపోతే దారముతో కుట్టుకొని ఏటేటా అదే చెప్పేవాడను. మేము కర్ణాటకలో స్థిరపడినవారము. పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడుతారు, బడిలో కన్నడ, ఇంగ్లీషు. ఒక ఆదివారము మత్తయి 6వ అధ్యాయము చెప్పుచు, "మన అవసరములన్నియు పరలోకపు తండ్రికి తెలియును" అని నోటుబుక్కులో ఉన్న మాట చదివాను. రెండవ వరుసలో నున్న పదేండ్ల పాప లేచి, "తాతా, మనకి అవసరమైతే దేవుడికేం? మనమే నిదానంగా పోవచ్చు గదా?" అని అడిగింది.

నేను ఆ పిల్ల వేళాకోళము చేయుచున్నదని కోపపడి కూర్చోమన్నాను. పాప కూర్చున్నది. మరల ఏమియు అడుగలేదు. తరువాతి వారము కూడ అడుగలేదు.

కన్నడములో అవసర అంటే తొందర. తమిళములోను అంతే. ఒడియాలో తీరిక, ఉద్యోగ విరమణ అనే అర్థములు వచ్చును. ఆ పాపకు వినబడినది, దేవునికి మన తొందర తెలుసు అని. అందుకు తగిన మంచి ప్రశ్నే వేసినది. నిజానికి తెలుగు బైబిలులో ఆ వచనమునకు వాడిన మాట తేలికైనది, ఇంటిలో వాడుకొనునది. కష్టపు మాట పెట్టినది నా నోటుబుక్కు. ఇది నాకు చెప్పినది మా సంఘములో గార్మెంట్ ఫ్యాక్టరీకి వెళ్ళే ఒక సహోదరి. కన్నడ మీడియములో ఏడవ తరగతి వరకు చదివినది. ఆరాధన అయిన తరువాత మెట్ల దగ్గర నన్ను ఆపి, ఎవరూ లేకుండ చూసి, "సార్, ఆ పాప తప్పుగా అడగలేదు" అని వివరించింది. నాకు సిగ్గు వేసినది. మొదట కొంత కోపము కూడ వచ్చినదని ఒప్పుకొనవలెను. ఇంటికి పోయి అపొ. కార్య. 18 తీశాను. ఎన్నిసార్లు బోధించిన అధ్యాయమో! ఆ వారము నుండి ప్రతి ఆదివారము అరగంట ఆమె దగ్గర కన్నడ బైబిలు చదువుట నేర్చుకొన్నాను. ఆ పాప దగ్గరకు కూడ వెళ్ళి క్షమించమని అడిగాను. "పర్వాలేదు తాతా" అన్నది గాని ఆమె మరల చెయ్యెత్తుటకు ఎన్నో వారములు పట్టినది.

ఇక భాష విషయము. పిల్లలకు తెలుగు రాకుండ పోవుచున్నదని మన ప్రతి సభలోను బాధపడుచున్నాము. ఈ బాధ క్రొత్తది కాదు. నెహెమ్యా కాలములో అన్యస్త్రీలను పెండ్లాడిన యూదుల పిల్లలలో సగముమంది అష్డోదు భాష మాట్లాడిరి, యూదుల భాష వారికి రాలేదు (నెహెమ్యా 13:24). ఆయన తండ్రులను కొట్టి వెండ్రుకలు పెరికెను. మనము ఆ పని చేయవద్దు, మన సంఘములలో పెరుకుటకు తలవెండ్రుకలు మిగిలిన తండ్రులు తక్కువ. అదే గ్రంథము 8వ అధ్యాయములో లేవీయులు చేసిన పని చేయుదము. వారు ధర్మశాస్త్రమును స్పష్టముగా చదివి జనులకు గ్రహింపు కలుగునట్లు అర్థము చెప్పిరి.

అపొల్లో ఊరైన అలెక్సంద్రియలో వలసవచ్చిన యూదులు తరములుగా నుండిరి. వారి పిల్లలకు గ్రీకే వచ్చినది, హెబ్రీ పోయినది. క్రీస్తుపూర్వము మూడవ శతాబ్దములో అక్కడ మోషే ధర్మశాస్త్రమును గ్రీకులోనికి తర్జుమా చేసిరి. డెబ్బదిమంది తర్జుమా అని దానికి పేరు. మూడువందల ఏండ్ల తరువాత అపొస్తలులు పత్రికలలో లేఖనములు ఎత్తి వ్రాసినప్పుడు చాలా చోట్ల ఆ తర్జుమానే వాడిరి. వలసవచ్చిన వారి పిల్లల కొరకు చేసిన పని లోకమంతటికి ఉపయోగపడినది. కాబట్టి తెలుగు రాని బిడ్డకు సువార్త అందకపోవుటకంటె కన్నడలోనో, మరాఠీలోనో, ఒడియాలోనో అందుట మేలు. ఈ మాటకు కొందరు పెద్దలు నొచ్చుకొందురు. కాని తెలుగు నేర్చుకొనుట రక్షణకు షరతు కాదు.

అట్లని తెలుగును వదలివేయుమని నేను చెప్పుట లేదు. నాయనమ్మ ప్రార్థన మనుమరాలికి అర్థము కాకపోతే ఆ యింటిలో లోయి నుండి తిమోతికి వచ్చినట్లు విశ్వాసము దిగివచ్చుట కష్టము. ఉపాధ్యాయ శిక్షణలో మాకు మొదట నేర్పిన సూత్రము, తెలిసినదాని నుండి తెలియనిదానికి తీసుకొని పోవలెనని. పిల్లకు తెలిసిన లిపి నుండి తెలుగు లిపికి తీసుకొని పోవచ్చును. కన్నడ చదివే పిల్లకు ఇది మిక్కిలి సులభము. గ, జ, ద, న, ప, బ, మ, ర, ల, వ వంటివి రెండు లిపులలోను దగ్గరగానే ఉండును. తలకట్టు పెట్టు తీరు చూపించి, క, చ, త, శ, హ వంటివి ప్రత్యేకముగా నేర్పితే కొద్ది వారములలో కూడబలుకుకొని చదువును. తమిళ లిపి చదివే పిల్లకు క, గ రెండింటికి ఒకే అక్షరము అలవాటు, త, ద లకు కూడ అంతే. కావున దేవుడు అనుటకు తేవుడు అని చదివితే నవ్వరాదు. జంటలుగా పెట్టి, పలికించి నేర్పవలెను. మరాఠీ, ఒడియా చదివే పిల్లలకు అక్షరముల వరుస మనదే, రూపములే వేరు. అయితే ఆ లిపులలో ఎ, ఏ లకు, ఒ, ఓ లకు వేరు గుర్తులు లేవు. ఒక అనుటకు ఓక అందురు. అక్కడ ఎక్కువ అభ్యాసము ఇవ్వవలెను. యానాము సంఘములకు ఈ కష్టము లేదు, చుట్టును తెలుగే. అయినను అక్కడ పెద్దల బైబిలు తరగతి నడుచుచున్నదా అని అడుగవచ్చును.

నేర్పుటకు ముందు నేర్పువాడు పిల్లవాని లిపిని కొంచెమైనా చూడవలెను. అరవై దాటిన తరువాత ఇప్పుడేమి నేర్చుకొందుమని అనువారున్నారు. రెండవ తిమోతి 4వ అధ్యాయము చదవండి. పౌలు చెరలో ఉన్నాడు. తాను వెడలిపోవు కాలము సమీపించినదని తానే చెప్పుచున్నాడు. చలికాలము వచ్చుచున్నది. అట్టివాడు తిమోతిని తెమ్మని అడిగినవి త్రోయలో కర్పు ఇంట విడిచిన అంగీ, పుస్తకములు, ముఖ్యముగా చర్మపు కాగితములు. అంగీ ఎందుకో మనకు తెలియును. మూడవ ఆకాశము వరకు కొనిపోబడినవానికి, అన్ని పత్రికలు వ్రాసినవానికి చావుకు ముందు పుస్తకములు ఎందుకు?

మరి చదువురాని తల్లులు, తండ్రులు? వారిని నేను మరచిపోలేదు. మా తరములో ఎంతోమందికి విశ్వాసము నేర్పినది అక్షరము రాని స్త్రీలే. వినుట కూడ నేర్చుకొనుటయే. మనుమడు ఇంగ్లీషు బైబిలులో ఒక కథ చదివి అవ్వకు తెలుగులో చెప్పవలెను, అవ్వ దానిని ఎరిగియున్న కీర్తనతో కలిపి అతనికి మరల చెప్పవలెను. వారానికి ఒక సాయంకాలము, టీవీ ఆపి, అరగంట. మా వీధిలో మూడు ఇండ్లలో ఇది మొదలుపెట్టాము. ఒక యింటిలో రెండు వారములకే ఆగిపోయినది. రెండు ఇండ్లలో నడుచుచున్నది. ఒక అవ్వ దావీదు, గొల్యాతు కథలో మనుమడు వదలిపెట్టిన జున్నుగడ్డలను జ్ఞాపకము చేసినదట. తండ్రి యెష్షయి వాటిని దావీదు చేత పంపిన సంగతి 1 సమూయేలు 17:18లో ఉన్నది. ఆ పిల్లవాడు పుస్తకము తీసి చూచి ఆశ్చర్యపడెను.

తరగతిలో అడుగుటకు

అకుల, ప్రిస్కిల్ల అపొల్లోను సమాజమందిరములోనే సరిదిద్దియుంటే ఏమి జరిగియుండును? మన సంఘములో పొరపాటు చెప్పినవారిని సరిదిద్దు పద్ధతి ఏది? గడచిన సంవత్సరములో మీరు వాక్యములో క్రొత్తగా నేర్చుకొన్నది ఒకటి చెప్పండి, అది ఎవరి దగ్గర నేర్చుకొన్నారు? మీకంటె చిన్నవారి దగ్గర, తక్కువ చదివినవారి దగ్గర నేర్చుకొన్నది ఏదైనా ఉన్నదా? మన ప్రార్థనలలో, పాటలలో పిల్లలకు వేరే అర్థము తోచు మాటలు ఏవి? ఈ చివరి ప్రశ్నను పెద్దలు కాక పిల్లలే జవాబు చెప్పునట్లు చూడవలెను. వారు చెప్పినవి ఒక కాగితము మీద వ్రాసి పాస్టరుగారికి ఇవ్వండి.

వచ్చే పాఠము: లోయి, యునీకే (2 తిమోతి 1:1–7).